పొరుగు తోడుంటేనే వరుస: అరుదైన భూమూలకాల స్పిన్ గొలుసులు

2025 ఏప్రిల్‌లో చైనా ఏడు అరుదైన భూమూలకాల ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. అప్పటి నుంచి టెర్బియం, డిస్ప్రోషియం అన్న పేర్లు మన వార్తల్లోనూ తరచూ వినిపిస్తున్నాయి. విద్యుత్ వాహనాల మోటార్లలోని అయస్కాంతాలు వేడెక్కినా బలం కోల్పోకుండా ఉండాలంటే ఈ మూలకాలను కొద్దిగా కలపాలి. అందుకే 'రేర్ ఎర్త్స్' అనగానే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది మోటార్లు, గనులు, దేశాల మధ్య బేరసారాలు.

ఇవే మూలకాలకు భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లో ఇంకో పని ఉంది. అక్కడ టన్నులు అక్కర్లేదు, కొన్ని గ్రాములు చాలు. ఆ గ్రాములతో వెతికేది ఒక పాత ప్రశ్నకు జవాబు. అయస్కాంతంలోని లెక్కలేనన్ని పరమాణువులు ఒక క్రమంలోకి ఎలా వస్తాయి? వాటిని దారానికి గుచ్చిన పూసల్లా ఒక్క గొలుసుగా పేరిస్తే ఆ క్రమం ఎందుకు కుదరదు? ఆ గొలుసుల పక్కన టెర్బియం లాంటి మూలకాన్ని కూర్చోబెడితే మళ్లీ ఎందుకు కుదురుతుంది? కుదిరాక, గొలుసు తన పాత స్వభావాన్ని పూర్తిగా వదులుకుంటుందా?

చివరి ప్రశ్నకు వచ్చిన జవాబు చాలామంది ఊహించింది కాదు. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఒక పూలదండ దగ్గర మొదలుపెట్టాలి.

దండలో ఒక్క పొరపాటు

ఎలక్ట్రాన్ ఒక చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. ఆ గుణానికి స్పిన్ అని పేరు. ఇనుములో పొరుగు పరమాణువుల స్పిన్‌లన్నీ ఒకే దిక్కు చూడటానికి ఇష్టపడతాయి. కానీ ప్రకృతిలో ఇంకోరకం పదార్థాలు చాలా ఉన్నాయి. వాటిలో పక్కపక్క స్పిన్‌లు ఎదురెదురు దిక్కులు చూస్తాయి. ఒకటి పైకి, పక్కది కిందికి, దాని పక్కది మళ్లీ పైకి. దీన్ని యాంటీఫెర్రో క్రమం అంటారు. పైకి చూసేవి, కిందికి చూసేవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి ఇలాంటి పదార్థం ఫ్రిజ్ తలుపుకు అంటుకోదు. లోపల మాత్రం కవాతుకు తగ్గని క్రమశిక్షణ ఉంటుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఈ క్రమం ఏర్పడుతుందో దాన్ని ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ నీల్ పేరు మీద నీల్ ఉష్ణోగ్రత అంటారు.

ఇప్పుడు దండ సంగతి. పసుపు బంతి, నారింజ బంతి ఒకటి విడిచి ఒకటి గుచ్చుతున్నారు అనుకుందాం. మధ్యలో ఎక్కడో ధ్యాస తప్పి రెండు పసుపు పూలు పక్కపక్కన పడ్డాయి. తర్వాత మళ్లీ సరిగానే గుచ్చుతూ పోయారు. చూస్తే తప్పు ఒక్కచోటే ఉంది. కానీ ఆ చోటు దాటాక దండ మొత్తం తారుమారైంది. నారింజ రావాల్సిన ప్రతి స్థానంలో పసుపు, పసుపు రావాల్సిన చోట నారింజ వచ్చాయి. దండ ఈ కొసకూ ఆ కొసకూ సంబంధం తెగిపోయింది. దానికి ప్రకృతి చెల్లించిన మూల్యం ఒకే ఒక్క చోటి పొరపాటు.

అదే పూలను వాకిట్లో చాపలా నాలుగు పక్కలా పరిస్తే ఇలా కుదరదు. ఒక భాగం తారుమారు కావాలంటే ఆ భాగం అంచు పొడవునా పూలు పొరపొచ్చాలు పడాలి. భాగం ఎంత పెద్దదైతే మూల్యం అంత ఎక్కువ. అందుకే పరుపులా, దిమ్మెలా ఉన్న పదార్థం చిన్నచిన్న కుదుపులను తట్టుకుంటుంది. గొలుసు తట్టుకోలేదు. పరమ శూన్య ఉష్ణోగ్రతకు ఏ కాస్త పైన ఉన్నా, పొడవైన గొలుసులో ఎక్కడో ఒకచోట ఉష్ణం ఒక పొరపాటు చేయించి తీరుతుంది.

ఈ ఫలితాన్ని మొదట లెక్కగట్టినవాడు జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ ఈజింగ్. గురువు విల్‌హెల్మ్ లెంజ్ ఇచ్చిన సమస్యను సాధించి 1925లో ప్రచురించాడు. గొలుసులో క్రమం రాదన్నది సరైనదే. అయితే నిజమైన త్రిమితీయ అయస్కాంతంలోనూ ఈ నమూనా పనిచేయదని ఆయన అనుకోవడం పొరపాటైంది. 1936లో రుడాల్ఫ్ పయర్ల్స్ రెండు దిశల్లో పరుచుకున్న నమూనాలో క్రమం వస్తుందని వాదించాడు. 1944లో లార్స్ ఆన్‌సాగర్ దాన్ని కచ్చితంగా సాధించి చూపాడు. ఈలోగా ఈజింగ్ పరిశోధన వదిలి ఉపాధ్యాయుడయ్యాడు, నాజీల బారి నుంచి పారిపోయాడు. తన పేరుతో ఒక నమూనా ప్రపంచమంతా చలామణీ అవుతోందని ఆయనకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాతే.

కనీస చార్జీ

ఈజింగ్ గొలుసులో స్పిన్‌కు పైకి, కిందికి అనే రెండే దిక్కులు. ఏ దిక్కుకైనా తిరగగల స్పిన్‌లకు క్వాంటం నియమాలు వర్తిస్తే పరిస్థితి మరింత చిక్కుబడుతుంది. పరమ శూన్యం దగ్గర కూడా వాటికి నిలకడ ఉండదు. స్పిన్ విలువ అర్ధ (½) ఉన్న గొలుసును హాన్స్ బేథే 1931లోనే గణితంతో సాధించాడు. ఆ గొలుసు కుదురుగా ఉండదు, అలాగని పూర్తిగా చెల్లాచెదురూ కాదు. క్రమం అంచున ఊగిసలాడుతూ ఉంటుంది. దాన్ని కదిలించడానికి ఎంత కొద్ది శక్తి అయినా చాలు.

స్పిన్ విలువ 1 ఉన్న గొలుసు కూడా అలాగే ఉంటుందని 1980 దాకా దాదాపు అందరి నమ్మకం. స్పిన్ పెరిగే కొద్దీ క్వాంటం వింతలు తగ్గి మామూలు అయస్కాంతంలా కనిపించాలి కదా అన్నది తర్కం. 1981లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పనిచేస్తున్న డంకన్ హాల్డేన్ దీన్ని కాదన్నాడు. స్పిన్ విలువ 1, 2 లాంటి పూర్ణాంకమైతే ఆ గొలుసును కదిలించడానికి కనీసం ఇంత అని శక్తి చెల్లించాలనీ, ½, 3/2 లాంటివైతే అక్కర్లేదనీ వాదించాడు. సిటీ బస్సులో ఒక్క స్టాపు దూరానికైనా కనీస చార్జీ ఇవ్వాల్సిందే, నడిచి వెళ్లేవాడికి ఆ నియమం లేదు. తేడా అలాంటిదే. ఆ కనీస చార్జీని ఇప్పుడు హాల్డేన్ అంతరం అంటున్నారు.

ఆ మొదటి పత్రాన్ని పత్రికలు తిరస్కరించాయి. వాదనను మార్చి రాసి 1983లో ప్రచురించాల్సి వచ్చింది. 2016లో డేవిడ్ థౌలెస్, మైకేల్ కోస్టర్లిట్జ్‌లతో పాటు హాల్డేన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. తిరస్కరణకు గురైన 1981 నాటి రాతప్రతిని ఆయన అందరికీ ఆన్‌లైన్‌లో అందుబాటులో పెట్టిందీ ఆ ఏడాదే.

ఎందుకు అంతరం వస్తుందో ఊహించుకోవడానికి 1987లో ఇయన్ ఆఫ్లెక్, టామ్ కెనెడీ, ఇలియట్ లీబ్, హాల్ టసాకి ఒక తేలికైన చిత్రం ఇచ్చారు. స్పిన్ 1 ఉన్న ప్రతి అయాన్‌ను రెండు చేతులున్న మనిషి అనుకోవచ్చు. ఒక్కో చెయ్యి ఒక్కో అర్ధ స్పిన్. కుడిచెయ్యి కుడిపక్క వాడి ఎడమచేతిని గట్టిగా పట్టుకుంటుంది, ఎడమచెయ్యి ఎడమపక్క వాడి కుడిచేతిని. ప్రతి జంట చేతులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గొలుసు మొత్తం ఏ దిక్కూ చూడకుండా మౌనంగా ఉండిపోతుంది. కదిలించాలంటే ఒక పట్టు విడిపించాలి. ఆ విడిపించే శక్తే కనీస చార్జీ. గొలుసు తెగిన కొసల్లో మాత్రం ఒక్కో చెయ్యి ఖాళీగా మిగులుతుంది. స్పిన్ 1 అయాన్‌లతో కట్టిన గొలుసు కొసన అర్ధ స్పిన్ కనిపించడం వింతే. గొలుసును అక్కడక్కడా కావాలని తెంచి చేసిన ప్రయోగాల్లో దాని జాడ దొరికింది కూడా.

మౌనంగా ఉన్న పొరుగు, మాట్లాడే పొరుగు

సిద్ధాంతానికి తగిన పదార్థం కావాలి. అలాంటివాటిలో పేరు తెచ్చుకున్నది ఇట్రియం బేరియం నికెల్ ఆక్సైడ్. ఇందులో నికెల్ అయాన్‌ల స్పిన్ విలువ 1. నికెల్, ఆక్సిజన్, మళ్లీ నికెల్ అంటూ ఒకే దిశలో గొలుసులు సాగుతాయి. గొలుసులో పక్కపక్క నికెల్‌ల మధ్య దూరం సుమారు 3.8 ఆంగ్‌స్ట్రామ్‌లు. పక్క గొలుసు అంతకంటే బాగా ఎడంగా ఉంటుంది, వాటి మధ్య ఇట్రియం, బేరియం అయాన్‌లు కూర్చుంటాయి. ఇట్రియం అయాన్‌కు అయస్కాంత గుణం లేదు. అంటే గొలుసులకు పొరుగు ఉంది కానీ ఆ పొరుగు మాట్లాడదు.

ఫలితం హాల్డేన్ చెప్పినట్టే వచ్చింది. గొలుసులో పక్కపక్క నికెల్‌ల మధ్య పట్టు బలం దాదాపు 280 కెల్విన్‌లకు సమానం. మామూలు పదార్థమైతే ఇంత బలానికి ఎప్పుడో క్రమంలోకి వచ్చేయాలి. ఇది మాత్రం ఎంత చల్లబరిచినా రాలేదు. న్యూట్రాన్‌లతో చూస్తే దాదాపు 100 కెల్విన్‌లకు సమానమైన శక్తి అంతరం కనిపించింది.

ఇక్కడి నుంచి అరుదైన భూమూలకాల పాత్ర మొదలవుతుంది. ఇట్రియం స్థానంలో ప్రసియోడిమియం, నియోడిమియం, టెర్బియం, ఎర్బియం లాంటివి ఇట్టే ఇముడుతాయి. పరిమాణం కాస్త అటూఇటూ, విద్యుదావేశం ఒకటే. స్ఫటిక నిర్మాణం చెక్కుచెదరదు. మారేది ఒక్కటే, పొరుగుకు ఇప్పుడు నోరొచ్చింది. ఈ మూలకాల అయస్కాంత గుణం 4ఎఫ్ అనే లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌లది. బయటి ఎలక్ట్రాన్‌ల పొర వాటికి గొడుగులా అడ్డుగా ఉంటుంది. అందుకే ఒక్కో అయాన్ బలమైన అయస్కాంతమే అయినా, పక్కవాటితో దాని మాటామంతీ చాలా మెల్లగా సాగుతుంది. వాటిని వాటికే వదిలేస్తే, బాగా చల్లబరిస్తే తప్ప క్రమంలోకి రావు.

నికెల్ గొలుసు ఒంటరిగా ఎప్పటికీ క్రమంలోకి రాదు. అరుదైన భూమూలకాలు చాలా ఆలస్యంగా వస్తాయి. రెండింటినీ కలిపితే ప్రసియోడిమియం పదార్థం 24 కెల్విన్‌ల దగ్గర, ఎర్బియంది 32 దగ్గర, నియోడిమియంది 48 దగ్గర, టెర్బియంది 63 కెల్విన్‌ల దగ్గర క్రమంలోకి వచ్చేస్తాయి. గొలుసు పొడవునా కబురు మోసే పని నికెల్‌ది. ఒక గొలుసు కబురు పక్క గొలుసుకు చేరవేసే వంతెన అరుదైన భూమూలకానిది. రెండింటిలో ఏ ఒక్కటి లేకున్నా ఆ సంఖ్యలు రావు.

వీటిలో ప్రసియోడిమియం, నియోడిమియం తెలుగు తీరానికి కొత్తవి కావు. శ్రీకాకుళం, విశాఖపట్నం సముద్రపు ఇసుకలో దొరికే మోనజైట్‌లో సీరియం, లాంథనంలతో పాటు ఇవీ ఉంటాయి. టెర్బియం, డిస్ప్రోషియం మాత్రం అందులో అతి స్వల్పం. ఎగుమతి ఆంక్షలు మనకు నొప్పి కలిగించిన చోటు అదే.

క్రమం వచ్చాక కూడా

పాఠ్యపుస్తకం ప్రకారం కథ ఇక్కడ అయిపోవాలి. క్రమం లేనప్పుడు హాల్డేన్ మౌనం, క్రమం వచ్చాక మామూలు అయస్కాంతం. నీల్ ఉష్ణోగ్రతకు దిగువన అంతరం మాయమై, దాని స్థానంలో మామూలు స్పిన్ తరంగాలు కనిపించాలి.

1990ల మధ్యలో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో ఆండ్రీ జెలుదెవ్, సహచరులు దీన్ని పరీక్షించారు. సాధనం న్యూట్రాన్. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి స్ఫటికం లోపలికి సులువుగా దూరుతుంది. దానికీ స్పిన్ ఉంది కాబట్టి లోపలి స్పిన్‌లు దాన్ని పక్కకు నెడతాయి. లోపలికి పోయినప్పుడు ఎంత శక్తి ఉంది, బయటికి వచ్చాక ఎంత మిగిలింది అన్న తేడా చూస్తే, గొలుసు ఎంత చార్జీ వసూలు చేసిందో తెలిసిపోతుంది.

ప్రసియోడిమియం పదార్థాన్ని 24 కెల్విన్‌ల కిందికి చల్లబరిచి చూస్తే అంతరం పోలేదు. పోకపోగా, ఇంకా చల్లబరిచే కొద్దీ పెరిగింది. నికెల్ స్పిన్‌లు ఒకటి విడిచి ఒకటి బుద్ధిగా క్రమంలో నిలబడి ఉన్నాయి, అదే సమయంలో హాల్డేన్ గొలుసు గుర్తు కూడా చెరిగిపోకుండా ఉంది. పొరుగువాళ్ల ఒత్తిడికి గొలుసు వరుసలో నిలబడింది కానీ లోపల పట్టుకున్న చేతులు పూర్తిగా వదల్లేదన్నమాట.

దీనికి ఇచ్చిన వివరణలో ఒక చక్కని మెలిక ఉంది. క్రమంలోకి వచ్చిన అరుదైన భూమూలకాలు నికెల్ గొలుసు మీద ఒక అయస్కాంత క్షేత్రాన్ని మోపుతాయి. ఆ క్షేత్రం ఒక నికెల్ దగ్గర పైకి, నాలుగు ఆంగ్‌స్ట్రామ్‌లైనా లేని దూరంలోని పక్క నికెల్ దగ్గర కిందికి ఉంటుంది. ఏ ప్రయోగశాలలోని ఎంత పెద్ద అయస్కాంతమూ ఇంత సన్నని చారల క్షేత్రాన్ని తయారుచేయలేదు. ఇక్కడ స్ఫటికమే దాన్ని సొంతంగా ఇస్తోంది. పైగా ఉష్ణోగ్రత తగ్గించే కొద్దీ అరుదైన భూమూలకం మరింత గట్టిగా నిలబడుతుంది, క్షేత్రం పెరుగుతుంది. అంటే ఉష్ణోగ్రత మీటను తిప్పడమంటే క్షేత్రం మీటను తిప్పడమే. ఇలాంటి క్షేత్రం పెరిగే కొద్దీ క్వాంటం గొలుసు ఎలా స్పందిస్తుందన్న ప్రశ్న అప్పటిదాకా కాగితం మీదే ఉండేది. ఈ కుటుంబంలోని పదార్థాలతో దాన్ని కొలవడం సాధ్యమైంది. ఈ గొలుసుల గురించి వచ్చిన పరిశోధనల్లో అన్నిటికన్నా అందమైనది బహుశా ఇదే. దీనికి మోటార్లలో ఉపయోగం ఏమీ లేదు.

ముంబైలో కొలిచిన విద్యుత్

ఇదే కుటుంబం మీద మన దేశంలోనూ చాలా పని జరిగింది. ముంబై కొలాబాలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఇ.వి. సంపత్‌కుమారన్ బృందం ఈ పదార్థాల విద్యుత్ గుణాల మీద దృష్టి పెట్టింది. ఈ పదార్థాల తయారీ పైకి సాదాగానే కనిపిస్తుంది. అరుదైన భూమూలకం ఆక్సైడ్, బేరియం కార్బొనేట్, నికెల్ ఆక్సైడ్ పొడులను తూకం ప్రకారం కలిపి, బాగా నూరి, బిళ్లలుగా నొక్కి, వెయ్యి డిగ్రీల సెల్సియస్ పైబడిన కొలిమిలో కాలుస్తారు. మళ్లీ నూరి మళ్లీ కాలుస్తారు.

2014లో ఎర్బియం పదార్థం మీద ఆ బృందం, సహచరులు ప్రచురించిన ఫలితం ఆసక్తికరం. అందులో అయస్కాంత క్రమం 32 కెల్విన్‌ల దగ్గర వస్తుంది. కానీ లోపలి విద్యుదావేశాలు ఒకవైపుకు జరిగి విద్యుత్ ధ్రువణం ఏర్పడటం దాదాపు 60 కెల్విన్‌ల దగ్గరే మొదలైంది. పూర్తి క్రమం ఇంకా రాలేదు, కానీ గొలుసు లోపల దగ్గరి పొరుగు స్పిన్‌లు అప్పటికే చేతులు కలిపి ఉన్నాయి. ఆ మాత్రం పొందిక కూడా అయాన్‌లను వాటి చోటు నుంచి కాస్త జరపడానికి చాలిందని బృందం వాదన. దండ రెండు కొసలకూ సంబంధం లేకపోయినా, పక్కపక్క పూల మధ్య పొందిక ఉంటుంది కదా. విద్యుత్‌కు ఆ స్థానిక పొందికే సరిపోయింది.

టెర్బియం పదార్థంలో వ్యవహారం వేరు. 63 కెల్విన్‌ల దగ్గర అయస్కాంత క్రమం వచ్చినా విద్యుత్ ధ్రువణం వెంటనే రాలేదు. 25 కెల్విన్‌ల దగ్గర, ఇంకో మార్పు జరిగినప్పుడు వచ్చింది. 2019లో ప్రచురించిన న్యూట్రాన్ ప్రయోగాలు కారణం చూపాయి. ఉష్ణోగ్రత తగ్గే కొద్దీ టెర్బియం స్పిన్, నికెల్ స్పిన్ మధ్య కోణం మారుతూ పోతుంది. ఆ కోణం ఒక హద్దు దాటితేనే విద్యుత్ గుణం మేల్కొంటుంది. ఒకే కుటుంబంలో ఒక సభ్యుడికి సగం పొందికే చాలింది, ఇంకొకడికి పూర్తి క్రమం కూడా చాలక తగిన కోణం కోసం ఆగాల్సి వచ్చింది. ఎందుకిలా అన్నది ఆ మూలకం 4ఎఫ్ ఎలక్ట్రాన్ మేఘం ఆకారం మీద, అది ఏ దిక్కుకు మొగ్గడానికి ఇష్టపడుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

అయస్కాంత, విద్యుత్ గుణాలు ఇలా ముడిపడిన పదార్థాలకు ఒక ఆచరణాత్మక ఆకర్షణ ఉంది. మెమరీ చిప్‌లలో సమాచారాన్ని విద్యుత్ ప్రవాహంతో కాక కేవలం వోల్టేజీతో రాయగలిగితే వృథా అయ్యే వేడి బాగా తగ్గుతుంది. కానీ ఇక్కడ కాస్త నిదానించాలి. 63 కెల్విన్‌లంటే మైనస్ 210 డిగ్రీల సెల్సియస్, ద్రవ నైట్రోజన్ కంటే చల్లన. ఈ కొలతలు చాలావరకు పొడిని నొక్కి చేసిన బిళ్లల మీద చేసినవి. వాటిలో చిన్న స్ఫటికాలు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి కాబట్టి దిశను బట్టి మారే గుణాలు సగటులో కలిసిపోతాయి. గది ఉష్ణోగ్రత దగ్గర పనిచేసే బంధువులను వెతకడానికి ఇదొక దారి అని 2014 పత్రమే సూచించింది. దారి చూపడం వేరు, వస్తువు చేతికి రావడం వేరు.

గొలుసే అరుదైన భూమూలకమైతే

ఇప్పటిదాకా చూసిన పదార్థాల్లో గొలుసు నికెల్‌ది, పొరుగు అరుదైన భూమూలకం. గొలుసునే అరుదైన భూమూలకంతో కడితే? ఇటర్బియం అల్యూమినియం ఆక్సైడ్ అలాంటిదే. చాలా తక్కువ ఉష్ణోగ్రతల్లో ఇందులోని ఇటర్బియం అయాన్‌లు స్పిన్ ½ ఉన్నట్టు ప్రవర్తిస్తాయి. అంటే ఇది బేథే 1931లో సాధించిన గొలుసుకు దగ్గరి రూపం, కనీస చార్జీ లేని రకం. 4ఎఫ్ ఎలక్ట్రాన్‌ల మాటామంతీ మెల్లన కాబట్టి ఇక్కడ ఉష్ణోగ్రతలు కూడా చిన్నవి. పక్క గొలుసులతో ఉన్న కొద్దిపాటి బంధంతో ఇది 0.88 కెల్విన్ దగ్గర క్రమంలోకి వస్తుంది. పరమ శూన్యానికి ఒక్క డిగ్రీ కూడా దూరం లేదు.

2019లో దీని మీద వచ్చిన న్యూట్రాన్ ప్రయోగాల ఫలితాలు మళ్లీ పూలదండ దగ్గరికే తీసుకొస్తాయి. ఇలాంటి గొలుసులో ఒక స్పిన్‌ను తిరగేస్తే రెండు పొరపాట్లు పుడతాయి, ఆ స్పిన్‌కు ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. రెండూ వేటి దారిన అవి జరిగిపోగలవు. ఒక్కో పొరపాటూ అర్ధ స్పిన్‌ను మోసుకెళుతుంది. వీటిని స్పైనాన్‌లు అంటారు. 0.88 కెల్విన్‌కు పైన ఇటర్బియం గొలుసులో స్పైనాన్‌లు స్వేచ్ఛగా తిరుగుతూ కనిపించాయి.

క్రమం వచ్చాక ఆ స్వేచ్ఛ పోయింది. రెండు పొరపాట్ల మధ్య ఉన్న గొలుసు ముక్క తారుమారై ఉంటుంది. పొరుగు గొలుసులన్నీ ఇప్పుడు సరైన వరుసలో ఉన్నాయి కాబట్టి ఆ ముక్క వాటికి ఎదురు నిలబడినట్టే. ముక్క ఎంత పొడవైతే మూల్యం అంత ఎక్కువ. అందుకే స్పైనాన్‌లు ఎంత దూరం జరిగితే వాటిని వెనక్కి లాగే బలగం అంత శక్తిని పోగేస్తుంది, రబ్బరు తాడు సాగినట్టు. చివరికి రెండూ జంటగా కట్టుబడిపోతాయి. ప్రోటాన్‌లోని క్వార్క్‌లు విడివిడిగా బయటికి రాలేకపోవడానికి చెప్పే కారణానికి ఇది చాలా దగ్గరి పోలిక. అక్కడ ఆ తాడు తెంపడానికి భారీ కణ వేగవర్ధకాలు కావాలి. ఇక్కడ స్ఫటికాన్ని 0.88 కెల్విన్‌కు కాస్త పైకి వేడి చేస్తే చాలు, జంటలు విడిపోయి మళ్లీ వేటి దారిన అవి పోతాయి.